రెండో డెమో

డెమో మాస్టర్ ఆ రోజు చొక్కా గుండీలు తనంతట తనే పెట్టుకున్నాడు. కాలరక్క కొంప మునిగింది అందువల్లే.

ఇదెక్కడి విడ్డూరం, పక్షవాతం వచ్చిన మనిషి గుండీలు పెట్టుకుంటే పెళ్ళాం సంతోషించాలి గాని కొంప మునగడమేమిటి అని మీరు అడగొచ్చు. ఆవిడనే అడగండి. కాకపోతే కాస్త దూరంలో నిలబడి అడగండి, చేతిలో కత్తెర ఉంటుంది.

కాలరక్క పనిచేసేది బడిపిల్లల యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో. అక్కడ చొక్కా మొత్తం ఎవరూ కుట్టరు. ఒకరు చేతులు, ఒకరు జేబులు, ఒకరు కాజాలు. ఈవిడ కాలర్లు. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. చొక్కా ఒక మెషీన్ మీంచి ఇంకో మెషీన్ మీదికి సాగుతూ పోతుంది. మధ్యలో ఒక సీటు ఖాళీ అయిందంటే వెనకాల కుప్ప పేరుకుపోతుంది, ముందున్నవాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారు. అలాంటి చోటికి ఆలస్యంగా వెళ్ళడమంటే వరసలో ఉన్న అందరి చూపులూ మోయడమే.

ఆవిడ భర్త ఇంటి సామాన్లు అమ్మే పెద్ద షాపులో డెమో మాస్టర్. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, వాషింగ్ మెషీన్, దుమ్ము లాగే మెషీన్, ఏది కొత్తగా వచ్చినా కస్టమర్ల ముందు దాన్ని తిప్పి చూపించడం ఆయన పని. కొత్త తివాచీ మీద తనే చారెడు ఇసుక పోసి, జనం అయ్యయ్యో అనేలోపే మాయం చేసేవాడు. "చూశారా మేడమ్, చిటికెన వేలు చాలు!" అనేవాడు. ఇంటికి తీసుకెళ్ళాక మూత బిగుసుకుపోయే మిక్సీ కూడా ఆయన చేతిలో వెన్నలా తెరుచుకునేది. కష్టమైనదాన్ని తేలిగ్గా చూపించడమే ఆయన బతుకుతెరువు. పెళ్ళైనప్పటి నుంచీ కాలరక్క ఆ మాటలు వింటూనే ఉంది, ఇంట్లో మాత్రం ఒక్క మెషీనూ ఆయన తుడిచిన పాపాన పోలేదు.

కిందటి చలికాలంలో షాపులోనే, మిక్సీ మూత బిగిస్తూ బిగిస్తూ కుప్పకూలాడు. కస్టమర్లు ఒక్క క్షణం అది కూడా డెమోలో భాగమే అనుకున్నారట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది గాని, ఆసుపత్రిలో అన్నిటికంటే ముందు కోలుకున్నది నోరే. "దేవుడు కూడా మా ఆయన దగ్గర ఏది వాడుకలో ఉందో చూసి ఇచ్చాడు" అంది కాలరక్క, కళ్ళు తుడుచుకుంటూనే.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు కథ. పొద్దున్నే లేపి, స్నానం చేయించి, చొక్కా తొడిగి, తినిపించి, ఎడమ చేతికి అందేలా నీళ్ళు పెట్టి, పక్కింటి పిన్నికి ఓ మాట చెప్పి, బస్సు కోసం పరుగు. కొన్నాళ్ళు అలా నడిచింది. ఒకరోజు మాస్టర్ తనే లేచి టీ పెట్టుకోబోయి పొయ్యి గట్టుకీ గోడకీ మధ్య పడిపోయాడు. పైన గిన్నె మాడుతుంటే కింద ఆయన. మాడు వాసన పట్టి పిన్ని మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఆయన్ని పొద్దున పూట ఒంటరిగా వదలడానికి కాలరక్కకి ధైర్యం చాలలేదు. మధ్యాహ్నం పిన్ని తన ఇంటి పనులు ముగించుకుని వచ్చి కూర్చునేదాకా ఈవిడ కదలదు. అంటే సగం రోజు పని హుళక్కి.

సూపర్‌వైజర్ చెడ్డవాడేం కాదు. అదే మరీ చిరాకు, చెడ్డవాడైతే నాలుగు తిట్టుకోవచ్చు. "అక్కా, నెలాఖరు దాకా ఎలాగోలా నెట్టుకొస్తాను. ఆ తర్వాత నీ సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టాలి. నా మీద కోపం పెట్టుకోకు" అన్నాడు.

వాళ్ళ ఇల్లున్న వార్డులో ఒక సహాయ కేంద్రం ఉంది. ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోయినవాళ్ళ ఇళ్ళకి పొద్దున పూట ఒక మనిషిని పంపిస్తారు. స్నానం చేయించి, బట్టలు వేసి, తినిపించి, నడిపించి వెళతారు. ఆసుపత్రివాళ్ళు చెబితే కాలరక్క వెంటనే అర్జీ పెట్టింది. మనిషిని పంపించాలంటే ముందు కేంద్రం నుంచి ఒక మేడమ్ ఇంటికొచ్చి చూడాలి. ఆయన ఏం చేయగలడు, ఏం చేయలేడు అని చూసి ఆవిడ రాసేదే తీర్పు.

మేడమ్ వస్తుందని తెలియగానే కాలరక్క ఏం చేసింది? ఇల్లు కడిగింది. అవును, తప్పు ఆయనొక్కడిదే కాదు. ఇంటికి ఎవరో వస్తున్నారంటే చీపురు పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన రోగం. మంచం మీద పరిచిన రబ్బరు షీటు తీసి దాచింది. మంచం పక్కన ఉండే మరుగుదొడ్డి కుర్చీని పెరట్లోకి నెట్టి మీద దుప్పటి కప్పింది. ఆయనకి ఉతికిన చొక్కా తీసింది. పైన పటారం లోన లొటారం అంటే అదే. ఇక మాస్టర్ సంగతి చెప్పాలా? కుర్చీలో కూర్చున్న మేడమ్ ఆయన కంటికి కస్టమర్‌లా కనిపించింది. వెన్ను నిటారైంది. గొంతు లేచింది. చొక్కా వేసుకుని చూపించాడు, కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచి చూపించాడు, ఒంటిచేత్తో టీ పెట్టి మేడమ్‌కి ఇచ్చాడు. ఆవిడ చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ.

ఆవిడ వెళ్ళాక మాస్టర్ రెండు రోజులు మంచం దిగలేదు. భుజం పట్టేసింది. రాత్రికి మాట కూడా తడబడింది. ఆ సంగతి మేడమ్‌కి ఎవరు చెబుతారు?

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. సారు స్వతంత్రంగా జీవించగలరట. పొద్దున పూట సాయం అవసరం లేదట. అభినందనలట. పైగా, కొత్తగా పక్షవాతం వచ్చినవాళ్ళకి ధైర్యం చెప్పడానికి వీలున్నప్పుడు కేంద్రానికి రమ్మని ఆహ్వానం. కాలరక్క దాన్ని రెండుసార్లు చదివి మంచం మీదకి విసిరింది. మాస్టర్ ఎడమ చేత్తో నిదానంగా తీసుకుని చదివి, "ఇది గోడకి అంటించు" అన్నాడు.

"గోడకి కాదు, నా మొహానికి అంటించుకుంటాను" అంది కాలరక్క. "బస్సులో అందరూ చదువుకుంటారు."

మర్నాడే కేంద్రానికి వెళ్ళింది. వాకిట్లో చక్రాల కుర్చీల కోసం వాలుగా కట్టిన బాట ఉంది. దాని మీద వరసగా పూలకుండీలు పెట్టారు. బాగానే నీళ్ళు పోస్తున్నారు కాబోలు, ఏపుగా ఉన్నాయి. లోపల మొదటి కిటికీ రెండో కిటికీకి పంపింది, రెండోది భోజనానికి వెళ్ళింది, మూడోది మళ్ళీ మొదటిదాన్ని చూపించింది. తిరిగి తిరిగి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మొదటి కిటికీలో గుమాస్తా విషయం విని కళ్ళజోడు తీశాడు.

"బాగున్నారని రాసినందుకు ఫిర్యాదేంటమ్మా? అందరూ బాగోలేదని వస్తారు."

"బాగుంటే నేనెందుకొస్తానండీ ఇక్కడికి?"

"అయితే చొక్కా వేసుకోలేరా ఆయన?"

"వేసుకోగలరు. కానీ..."

"టీ పెట్టుకోలేరా?"

"పెట్టగలరండీ, కానీ ఒకసారి పెడితే..."

"అమ్మా, చేయగలరా, చేయలేరా అనే అడుగుతారు ఇక్కడ. కానీ అంటే నేనేం చేసేది?" అని గుమాస్తా కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. పాపం ఆయన కూడా విసిగిపోయే ఉన్నాడు. "ఇంకోసారి చూడమని రాసి ఇవ్వండి. మేడమ్‌నే పంపిస్తాం."

"వేరే ఎవరూ లేరా?"

"వార్డు మొత్తానికి ఉన్నది ఆవిడొక్కతే."

అంటే తీర్పు చెప్పిందీ ఆవిడే, తీర్పు తప్పని చెబితే వినాల్సిందీ ఆవిడే. కాలరక్క రాసిచ్చి, బయటికొచ్చి, పూలకుండీల వైపు ఒకసారి కోపంగా చూసి బస్సెక్కింది.

రెండోసారి మేడమ్ వచ్చే రోజు నెలాఖరుకి బాగా దగ్గర్లో పడింది. ఈసారి తప్పితే సీటు పోయినట్టే. ముందు రోజు సాయంత్రం కాలరక్క భర్త ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుంది.

"రేపు మీరేం చెయ్యొద్దు. అర్థమైందా? చొక్కా వేసుకోమంటే చెయ్యి రావట్లేదనండి. నడవమంటే తల తిరుగుతోందనండి."

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధమెలా అవుతుందండీ? రోజూ జరిగేది అదే కదా! మీరు మామూలుగా ఉండండి చాలు. షాపులో ఉన్నట్టు కాదు, ఇంట్లో ఉన్నట్టు ఉండండి."

"సరేలే. రాయిలా కూర్చుంటాను. సరేనా?"

"ప్రమాణం చేయండి."

"రాళ్ళు ప్రమాణాలు చేయవు" అన్నాడు మాస్టర్. ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

అంతలో ఆడపడుచు ఫోన్, వీడియోలో. మాస్టర్ ఎడమ చెయ్యి ఊపి, రెండు జోకులేసి, పాత షాపు కథ ఒకటి చెప్పాడు. ఆడపడుచు మురిసిపోయింది. "మా అన్నయ్య సింహం వదినా! బ్రహ్మాండంగా ఉన్నాడు. నువ్వే అనవసరంగా కంగారు పడుతున్నావేమో" అంది. సింహాన్ని ఫోన్ పెట్టేశాక మరుగుదొడ్డి కుర్చీ మీద కూర్చోబెట్టాల్సింది కాలరక్కే. ఆవిడ పళ్ళు బిగబట్టుకుని, "అవునమ్మా, సింహమే. కొంచెం తోక పట్టుకోవడానికి నువ్వు కూడా ఓసారి రా" అంది. ఆడపడుచుకి సిగ్నల్ సరిగ్గా అందలేదు.

తెల్లారింది. ఈసారి కాలరక్క ఇల్లు తుడవలేదు. చేతులు దురద పెట్టాయి గాని చీపురు ముట్టుకోలేదు. రబ్బరు షీటు మంచం మీదే ఉంది, మరుగుదొడ్డి కుర్చీ మంచం పక్కనే ఉంది, నిన్నటి మందుల డబ్బాలు బల్ల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చూడనీ అనుకుని స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గది అద్దంలా ఉంది. షీటు లేదు, కుర్చీ లేదు, మందుల డబ్బాలు వరసలో నిలబడ్డాయి. పక్కింటి పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయాసపడుతోంది.

"ఎవరో వస్తున్నారట కదమ్మా. మాస్టర్ పిలిచి చెప్పాడు. నువ్వు ఒక్కదానివి ఎంతకని చేస్తావు, నేనే సర్దేశాను" అంది పిన్ని, ఎంతో ప్రేమగా.

కాలరక్క భర్త వైపు చూసింది. రాయి పైకప్పు వైపు చూస్తోంది. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది.

మేడమ్ చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని లోపలికొచ్చింది. ముఖంలో అలసట కనిపిస్తూనే ఉంది; ఆ ఉదయం ఇంకా ఎన్ని ఇళ్ళు ఎక్కి దిగాలో పాపం. కూర్చుని, "ఎలా ఉన్నారు సార్?" అంది.

అయిపోయింది. ఆ ఒక్క ప్రశ్న చాలు. మాస్టర్ వెన్ను నిటారైంది.

"మీరే చూడండి మేడమ్! చెప్పడం ఎందుకు, చూపిస్తాను. ఇదిగో, ఆ చొక్కా ఇలా ఇవ్వు."

కాలరక్క ఇవ్వలేదు. మాస్టర్ కర్ర సాయంతో లేచి, వంకీకి ఉన్న చొక్కా తనే అందుకున్నాడు. పడిపోయిన చేతిని ముందు దూర్చాడు, భుజం మీదుగా చొక్కాని వెనక్కి విసిరి రెండో చెయ్యి తొడిగాడు. కాలర్ అంచు పంటితో పట్టుకుని, గుడ్డని కుడి మణికట్టు కింద నొక్కిపెట్టి, ఎడమ బొటనవేలితో గుండీని కాజాలోకి తోశాడు. ఒకటి పడింది. రెండోది పడింది. మధ్యలో నోరు ఖాళీ అయినప్పుడల్లా మాటలు: "చూశారా మేడమ్, పద్ధతి తెలియాలి గాని ఒక్క చెయ్యి చాలు! రెండోది స్పేర్!" అన్ని గుండీలూ పెట్టి, కర్ర టకటకలాడిస్తూ పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. టీ కాచాడు. కప్పు మోయలేడు కనుక దాన్ని గట్టు మీద అంచు వెంబడే జరుపుకుంటూ మేడమ్ చేతికి అందేదాకా తెచ్చాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

నిజం చెప్పొద్దూ, కాలరక్కకి కూడా ఒక పక్క ముచ్చటేసింది. ఇంకో పక్క ఆ టీ కప్పు తీసి కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది. కుక్కతోక వంకర అని ఊరికే అన్నారా.

మేడమ్ టీ తాగి, ట్యాబ్లెట్ మీద వేలు కదిపి, ఇబ్బందిగా నవ్వింది. "అమ్మా, మీ కష్టం నాకు అర్థమవుతోంది. కానీ నేను చూసిందే రాయాలి. నేను చూసింది ఇదీ."

"మీరు వెళ్ళాక చూడాలి మేడమ్."

"వెళ్ళాక ఎలా చూస్తానమ్మా?" అంది ఆవిడ. అదీ నిజమే. ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. లేవబోతోంది.

కాలరక్క కళ్ళ ముందు తన సీటు, ఆ సీట్లో ఇంకెవరో కూర్చుని కాలర్ తిప్పుతున్నట్టు కనిపించింది. ఆ తర్వాత తన నోట్లోంచి వచ్చిన మాట తను ఆలోచించి అన్నది కాదు.

"ఇంకోసారి చూపించమనండి."

పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది.

"దేనికి?" అన్నాడు మాస్టర్.

"షాపులో కస్టమర్ ఇంకోసారి చూపించమంటే కుదరదంటారా మీరు? చొక్కా విప్పి మళ్ళీ వేసుకోండి. మేడమ్ చూస్తారు."

మాస్టర్ భార్య వంక చూశాడు. ఆ చూపులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది, అది ఆవిడకి తెలిసింది. తెలిసి కూడా ఆవిడ కళ్ళు దించుకోలేదు. మేడమ్ మెల్లగా సంచి దించి మళ్ళీ కూర్చుంది.

గుండీలు విప్పడానికే ఆయనకి ఊపిరి చాలలేదు. చొక్కా ఒక భుజం మీంచి జారి వెనక వేలాడింది. చెయ్యి దూర్చబోతే దారి దొరకలేదు. ఎడమ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. అంతసేపూ పనంతా మోసింది ఆ చెయ్యే కదా. నుదుటి మీంచి చెమట కంట్లోకి కారింది. ఎలాగో వేసుకుని మొదటి గుండీ పట్టుకున్నాడు; అది వేళ్ళలోంచి జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. "చూశారా మే..." అన్నాడు. మిగతా మాట రాలేదు. నాలుక మడతపడింది. ఇంకోసారి ప్రయత్నించాడు, ఏదో ముద్దముద్దగా వచ్చింది గాని మాట కాలేదు. మోకాలు వంగి మంచం మీద కూలబడ్డాడు.

మేడమ్ చటుక్కున లేచింది. కాలరక్క చెయ్యి చాచి ఆవిణ్ణి ఆపింది. తను మాత్రం కదలకుండా ఎలా నిలబడిందో ఆవిడకే తెలియదు. సాయం చేయడానికి అలవాటుపడ్డ చేతులు, కొంగు పట్టుకుని నలుపుతున్నాయి.

కాసేపటికి మేడమ్ ఆయన ముందు స్టూల్ జరుపుకుని కూర్చుంది. కాలరక్కని అడగలేదు, ఆయన్నే అడిగింది.

"సార్, రోజూ ఇలాగే అవుతుందా?"

మాస్టర్ వేలాడుతున్న చొక్కా అంచుని ఒళ్ళోకి లాక్కున్నాడు. ఎంతమంది ఎన్నిసార్లు తిప్పి అడిగినా ఆయన తన సరుకుకి ఒక్క లోపం కూడా ఒప్పుకున్న మనిషి కాదు. చివరికి తల ఊపాడు. అది చాలదనుకున్నాడేమో, నాలుక కూడదీసుకుని, "అవుతుంది" అన్నాడు.

మేడమ్ రాసుకుంది. లేస్తూ గుమ్మం దగ్గర కాలరక్కతో, "సోమవారం నుంచి పొద్దున పూట మనిషి వస్తుంది. నేను రాసింది ఈ రోజే పంపించేస్తాను" అని వెళ్ళిపోయింది. పిన్ని కూడా జారుకుంది.

సీటు దక్కింది. కాలరక్క గుమ్మంలో నిలబడి సంతోషం వస్తుందేమోనని చూసింది. రాలేదు. నలుగురిలో మొగుణ్ణి చెంపదెబ్బ కొట్టి వచ్చినట్టుంది. ఏడుపు రావాలి నిజానికి. కానీ ఈవిడకి ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది, ఏళ్ళ తరబడి అదే అలవాటు.

లోపలికి వెళ్ళి ఆయన్ని పడుకోబెట్టింది. నీళ్ళు తాగించింది. భుజానికి మందు రాసింది. మాట కాస్త తిన్నబడి ఆయన లేచి కూర్చున్నాక, ఎప్పటిలాగే చొక్కా రెండంచులూ దగ్గరికి లాగి గుండీలు పెట్టబోయింది. ఆయన పక్కకి జరిగాడు.

అంతే, ఆవిడకి కట్ట తెగింది.

"ఇప్పుడు నా మీద అలుగుతారా? నిన్ననే చెప్పానా లేదా, ఏమీ చెయ్యొద్దని? నా సీటు పోతుందని తెలుసు మీకు. ఇల్లు గడిచేది దాని మీదే అని తెలుసు. అయినా పిన్నిని పిలిచి ఇల్లు సర్దించి మరీ ఈ వేషాలు! ఎవరి మెప్పు కోసమండీ? ఆ మేడమ్ మీకు మెడల్ వేస్తుందా? ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ముందు గొప్పలకి పోయి..."

"మేడమ్ కోసం కాదు" అన్నాడు మాస్టర్.

"మరి ఎవరికోసం?"

మాటలు ఇంకా నిదానంగానే వస్తున్నాయి. ఒక్కో మాట వెతుక్కుని తెచ్చుకున్నాడు.

"నువ్వు చూస్తావని."

"నేను రోజూ చూస్తున్నానుగా!"

"చూడవు. చేసేస్తావు. నేను చెయ్యి ఎత్తేలోపే గుండీలు అయిపోతాయి. ముద్ద నోట్లో ఉంటుంది. చెప్పులు కాలికి ఉంటాయి." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "మేడమ్ ఉన్నప్పుడే నువ్వు చేతులు కట్టుకుని కూర్చుంటావు. అప్పుడే చూస్తావు. పద్ధతి కనిపెట్టానే నేను. పంటితో పట్టుకోవడం, మణికట్టు కింద నొక్కడం. నువ్వు లేనప్పుడు ఎన్నాళ్ళు పట్టిందో. నీకొకసారి చూపిద్దామని."

కాలరక్క దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. బస్సు ఉంది, వరస ఆగిపోతుంది, సూపర్‌వైజర్ ఉన్నాడు, ఒక చొక్కాకి మీరు గంట తీసుకుంటే ఇల్లు గడిచేదెట్లా. అన్నీ నిజాలే. ఒక్కటీ తప్పు కాదు. అవన్నీ నోటిదాకా వచ్చి ఒక్కటిగా బయటపడ్డాయి.

"నాకు టైమ్ ఎక్కడుందండీ?"

"లేదు. తెలుసు. అందుకే అడగలేదు."

ఇంతకాలం ఆయనతో వేగలేక చస్తున్నానని అనుకుంది తను. ఆయన కూడా తనతో వేగుతున్నాడన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. అదీ కోపం తెప్పించింది గాని, ఈసారి కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది.

బల్ల మీద ఫోన్ మోగింది. సూపర్‌వైజర్.

"అక్కా, మేడమ్ వచ్చిందా? ఏమంది?"

"సోమవారం నుంచి మనిషి వస్తుంది."

"హమ్మయ్య! అయితే బయల్దేరు. కుప్ప పడిపోయింది ఇక్కడ."

"ఇంకో పనుంది. అది అయ్యాక వస్తాను."

"ఏం పనక్కా? ఎంతసేపు?"

"ఎంతసేపో తెలియదు" అని పెట్టేసింది.

కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుంది. మాస్టర్ అనుమానంగా చూశాడు. ఆయన మెల్లగా చొక్కా అంచుని మణికట్టు కిందికి చేర్చాడు. ఈసారి మాటలు లేవు, చూశారా మేడమ్‌లు లేవు. గుండీ జారింది. పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. కాలరక్కకి వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆయన మొదటి గుండీని తప్పు కాజాలోకి తోయడం ఆవిడ అప్పుడే చూసింది. కాలర్లు కుట్టే మనిషి కంటికి అది తెలియకపోవడమేమిటి. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. రెండోది పెట్టాడు. ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. మూడోదాని దగ్గర చెయ్యి వణికితే తొడ మీద పెట్టుకుని కాసేపు ఊరుకున్నాడు. ఆవిడ కూడా ఊరుకుంది. జన్మలో ఇంతసేపు ఊరుకున్నది లేదు.

చివరి గుండీ పడ్డాక మాస్టర్ తల ఎత్తాడు.

"ఎలా ఉంది?"

చెల్లెలైతే బ్రహ్మాండం అనేది. పిన్ని అయితే దిష్టి తీసేది. డాక్టరు కూడా వెరీ గుడ్ అని భుజం తట్టి పోయేవాడు.

"వంకరగా ఉంది" అంది కాలరక్క. "పైనే ఒక కాజా తప్పింది. అందుకే కాలర్ ఒక పక్క లేచింది."

మాస్టర్ వంగి చూసుకున్నాడు. అవునని తెలిశాక, సగం నోటితో నవ్వాడు. పొద్దుటి నుంచీ మేడమ్ ముందు నవ్విన నవ్వు కాదది.

"విప్పాలైతే."

"విప్పండి" అంది ఆవిడ, కూర్చున్న చోటి నుంచి లేవకుండా.